పౌరసత్వ పరీక్ష

ప్రశ్న: అమెరికాలో వున్న మా మామయ్య పౌరసత్వ పరీక్షకు చదువుతున్నాడు. అందులో ఏమడుగుతారు? (అరకులోయ పాఠకురాలు)

జవాబు: ఒక అధికారి ఎదురుగా కూర్చోబెట్టుకొని నోటితోనే అడుగుతాడు. 2025 అక్టోబరు 20 మొదలు దరఖాస్తు పెట్టినవారికి అమెరికా చరిత్ర, ప్రభుత్వాల గురించి 128 ప్రశ్నలు ముందే ప్రకటించి వుంచారు. వాటిలో 20 దాకా అడుగుతారు. 12 సరిగా చెబితే చాలు. ఇంగ్లీషులో ఒక వాక్యం చదవాలి, ఒకటి వ్రాయాలి. తప్పినవారికి మరొక అవకాశం వుంటుంది.

అయితే ఆ పౌరసత్వం పుచ్చుకుంటే భారత పౌరసత్వం పోతుంది. ఆలోచించుకోవలసింది అదే!

మన 1955 చట్టం ప్రకారం, ఇక్కడ స్థిరపడి పౌరసత్వం కోరే విదేశీయుడికి రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఒక భాష తగినంత తెలియాలి. తెలుగు ఆ భాషల్లో ఒకటి. భారతీయులకు ఇక్కడే పుట్టిన మీకు ఏ పరీక్షా లేదు. 18 ఏళ్ళు నిండి ఓటరుగా చేరితే గ్రామసభలో మీ మాటా చెల్లుతుంది.