పళ్ళ సెట్టు డబ్బాలోనే ఎందుకు ఉండిపోతోంది?

మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు సాగితే బీజాపూర్ రోడ్డుకు రెండు పక్కలా మర్రిచెట్లే. సుమారు తొమ్మిది వందలు. రోడ్డు వెడల్పు కోసం వాటిని కొట్టేస్తారన్నప్పుడు పర్యావరణ ప్రేమికులు అడ్డం పడ్డారు, హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లారు. ఆ చెట్ల ఊడ విరిచి పళ్ళు తోముకున్న తరం ఈ ఊళ్లలో ఇంకా ఉంది. చెట్టుకు ఊడలు అలాగే ఉన్నాయి. తోముకున్నవాళ్ల పళ్ళే ఊడిపోయాయి.

ఇక్కడి పొలాల నుంచి తెల్లవారకముందే టమాటా, క్యారెట్, పూలు నగరానికి బయల్దేరతాయి. ఆ క్యారెట్ పండించిన ముసలాయన దాన్ని పచ్చిగా కొరికి ఎన్నేళ్లయిందో లెక్క ఉండదు. జొన్నరొట్టెను పప్పుచారులో నానబెట్టి మింగుతాడు. సంక్రాంతికి సకినాలు దంచి పొడి చేస్తే తప్ప ఆయన నోటికి రావు. దసరా నాటి నల్లిబొక్క మనవడి కంచంలోకి పోతుంది. పళ్ళ సెట్టు లేక కాదు, ఉంది. పెళ్లిలో ఫొటోకు పెట్టుకుంటాడు, పంక్తిలో కూర్చోగానే తీసి రుమాల్లో చుట్టి జేబులో వేసుకుంటాడు. నమలడానికి చేయించుకున్న పళ్ళు నమిలేటప్పుడే జేబులో ఉంటున్నాయి.

ఇంట్లోవాళ్లు "అలవాటు చేసుకుంటలేడు" అని పెద్దాయన్నే తప్పుపడతారు. కొందరు సెట్టు కట్టిన డాక్టర్‌ను తిడతారు. అసలు చిక్కు చాలాసార్లు దవడలోనే ఉంటుంది. పై సెట్టుకు అంగిలి ఆసరా ఉంది. ఆ వెడల్పాటి చోట లాలాజలం పల్చటి పొరలా పరుచుకుని సెట్టును అంటిపెట్టుకునేలా చేస్తుంది. కింది సెట్టుకు ఆ అదృష్టం లేదు. అది గుర్రపు నాడా ఆకారంలో సన్నటి గట్టు మీద కూర్చోవాలి. లోపల నాలుక నెడుతుంది, బయట బుగ్గ నెడుతుంది. పైగా పన్ను పోయిన చోట ఎముకకు పని ఉండదు, ఏటేటా అరుగుతుంది. పై దవడ కంటే కింది దవడ దాదాపు నాలుగు రెట్లు ఎక్కువగా అరుగుతుందని, సెట్లు వాడేవారిని ఏళ్ల తరబడి గమనించిన టాల్‌గ్రెన్ అనే పరిశోధకురాలు 1972లోనే చెప్పారు. అంటే అరవయ్యో ఏట సరిగ్గా కూర్చున్న సెట్టు డెబ్బయ్యో ఏటికి వదులైపోవడం వింతేమీ కాదు.

ఈ చిక్కుకు విరుగుడు దవడలోనే పాతాలని లోకానికి తెలిసిందీ ఒక వింత సంఘటన వల్లే. 1952లో స్వీడన్ శాస్త్రవేత్త పెర్ ఇంగ్వార్ బ్రొనెమార్క్ కుందేలు కాలి ఎముకలో టైటానియం పరికరం అమర్చి రక్త ప్రసరణను చూస్తున్నాడు. పని అయ్యాక తీయబోతే రాలేదు. ఎముక దాన్ని తనలో కలిపేసుకుంది. 1965లో అదే లోహపు మరలను గోస్టా లార్సన్ అనే రోగి కింది దవడలో బిగించి వాటిపై పళ్ళు నిలబెట్టాడు. లార్సన్ వాటితోనే నాలుగు దశాబ్దాలు తిన్నాడు. ఇవాళ ఇంప్లాంట్ అని వాడుకలో ఉన్నది దీని వారసత్వమే.

మామూలు ఇంప్లాంట్ మందం మూడున్నర నుంచి ఐదు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అరిగి కత్తి అంచులా మారిన దవడలో అది పట్టదు. ఎముక అతికించి, నెలలు ఆగి, ఆ తర్వాత బిగించాలి. ఖర్చు, ఓపిక రెండూ కావాలి. 1970లలో న్యూయార్క్ దంతవైద్యుడు విక్టర్ సెండాక్స్ సన్నటి మరల గురించి ఆలోచించింది ఇక్కడే. ఆ సన్నటి మరే మినీ ఇంప్లాంట్. దాని మందం మూడు మిల్లీమీటర్ల లోపే. తల మీద గుండ్రటి గోళీలాంటి బుడిపె ఉంటుంది. సెట్టు అడుగున చిన్న గిన్నెలాంటి అమరిక, అందులో రబ్బరు రింగు. కింది దవడ ముందు భాగంలో సాధారణంగా నాలుగు మరలు బిగిస్తారు. సెట్టును నొక్కితే చొక్కా ప్రెస్ బటన్‌లా టక్కున కూర్చుంటుంది. రాత్రి తీసి కడుక్కోవచ్చు. చాలా సందర్భాల్లో చిగురు కోయకుండా, మత్తు సూదితోనే పని అయిపోతుంది. ఉన్న సెట్టు బాగుంటే దానికే గిన్నెలు అమర్చవచ్చు.

కింది సెట్టుకు మరల ఆసరా కావాలన్నది కొత్త వాదమేమీ కాదు. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో నిపుణులు కూర్చుని ఒక మాట తేల్చారు. పళ్ళన్నీ పోయిన కింది దవడకు ఉత్త సెట్టు ఇచ్చి పంపడం సరైన మొదటి వైద్యం కాదు, కనీసం రెండు ఇంప్లాంట్ల ఆసరా ఉండాలి అన్నారు. వాళ్లు మాట్లాడింది మామూలు ఇంప్లాంట్ల గురించి. అంత ఎముక, అంత డబ్బు లేనివారికి అదే సూత్రాన్ని అందుబాటులోకి తెచ్చే దారి మినీ.

అయితే రోడ్డు పక్క ఫ్లెక్సీలో "ఒక్క రోజులో పళ్ళు" అని కనబడగానే పరుగెత్తే పని కాదిది. మినీ సన్నగా ఉంటుంది కాబట్టి బరువు మోయడంలో దానికో హద్దుంది. పోయిన ఒక్క దవడ పన్ను స్థానంలో ఒక్క మినీ బిగించి, దానిపై క్యాప్ వేసి, బొక్కలు కొరకమంటే మర విరగవచ్చు. ముందు పళ్ళ దగ్గర ఇరుకు చోట ఒకటి పోతే మినీ పనికొస్తుంది, వెనకాల నమిలే చోట మామూలు ఇంప్లాంటే మేలు. బీడీ, గుట్కా మానని నోట్లో, షుగర్ అదుపులో లేని ఒంట్లో ఏ ఇంప్లాంటైనా పట్టు తప్పే ప్రమాదం ఎక్కువ. ఎముకల బలానికి సూదులు తీసుకుంటున్నవారు, తల, మెడ భాగంలో రేడియేషన్ చేయించుకున్నవారు ఆ మాట ముందే చెప్పాలి. ఎక్స్‌రే తీసి ఎముక లోతు, వెడల్పు చూడకుండా మర చేతికి తీసుకునే డాక్టర్ దగ్గర కుర్చీలోంచి లేచి రావడమే మంచిది.

ఇక డబ్బు సంగతి. ఒక్కో మరకే వేలల్లో అవుతుంది, నాలుగు కావాలి. మొయినాబాద్ మండలంలో ఫామ్‌హౌస్ యజమానికి అది లెక్కలోది కాదు. అదే ఫామ్‌హౌస్‌కు కాపలా ఉండే అరవై అయిదేళ్ల మనిషికి అది నెలల జీతం. ఒకే ప్రహరీ లోపల ఒకరు మక్కకంకి కొరుకుతారు, ఇంకొకరు గట్క జుర్రుకుంటారు.

ఇక్కడ ప్రభుత్వం పని మొదలవుతుంది. తెలంగాణకు అలాంటి పని చేయడం తెలుసు. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన కంటి వెలుగు ఊరూరా తిరిగి మొదటి విడతలోనే కోటిన్నర మందికి పైగా కళ్ళు చూసింది, అవసరమైనవారికి అద్దాలిచ్చింది. ముసలితనంలో చూపు తగ్గడాన్ని రాత అనుకోకుండా వైద్యం అనుకున్న ప్రభుత్వాలు నమలలేకపోవడాన్ని మాత్రం ఇంకా రాతగానే చూస్తున్నాయి. నమలలేని మనిషి పండు, కూర, మాంసం వదిలేసి మెత్తటి అన్నం మీద బతుకుతాడు. షుగర్ ఉన్నవాడికి ఆ తిండి ఏం చేస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇదే బీజాపూర్ రోడ్డు పట్టుకుని పరిగి, కొడంగల్ దాటితే కర్ణాటక. అక్కడ 2014లోనే 'దంత భాగ్య' పేరుతో పేద వృద్ధులకు ఉచితంగా కట్టుడు పళ్ళు ఇవ్వడం మొదలుపెట్టారు, పనిని దంత కళాశాలలకు అప్పగించారు. కేరళలో పేద వృద్ధులకు సెట్లు ఇచ్చే పథకానికి 'మందహాసం' అని చక్కటి పేరు పెట్టారు. తెలంగాణ ఆ రెండింటి కంటే ఒక అడుగు ముందు నుంచే మొదలుపెట్టవచ్చు. సెట్టు ఇచ్చి చేతులు దులుపుకోకుండా, కింది సెట్టు నిలవనివారికి మరల ఆసరా కూడా పథకంలో చేర్చవచ్చు. చేతులకు కొదవ లేదు. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి పక్కనే ప్రభుత్వ దంత కళాశాల ఉంది. చేవెళ్ల అవతల వికారాబాద్‌లో ప్రైవేటు దంత కళాశాల ఉంది. ముఖ్యమంత్రిని అసెంబ్లీకి పంపిన కొడంగల్ కూడా ఈ దారిలోదే.

అందరికీ నాలుగు మరలు బిగించాలంటే ఖజానా ఎక్కడిదని అడగవచ్చు. అందరికీ అక్కర్లేదు. మంచి సెట్టుతోనే సరిపోయేవారు ఉంటారు, ముందు వారికి సెట్టు ఇవ్వాలి. కొన్ని నెలల తర్వాత కూడా కింది సెట్టు డబ్బాలోనే ఉన్నవారిని వెతికి, ఎముక చూసి, మినీ పనికొస్తుందనుకుంటేనే బిగించాలి. చేవెళ్ల, మొయినాబాద్ రెండు మండలాల్లో ఒక్క ఏడాది చేసి చూస్తే ఎందరికి అవసరమో, ఎంత ఖర్చో, ఎన్ని మరలు నిలిచాయో అంకెలు చేతికొస్తాయి.

ఒక్కటి మాత్రం మొదటి రోజే రాసిపెట్టుకోవాలి. ఆ రబ్బరు రింగులు అరుగుతాయి, కొంతకాలానికి మార్చాలి. మార్చడం నిమిషాల పని. కానీ దానికోసం చేవెళ్ల అవ్వ మెహదీపట్నం బస్సెక్కి, అక్కడ ఇంకో బస్సు మారి, అఫ్జల్‌గంజ్‌లో చీటీ కోసం వరుసలో నిలబడాలంటే ఆడవాళ్లకు బస్సు టికెట్ ఉచితమే అయినా రోజు కూలీ పోతుంది. రెండోసారి ఆమె రాదు, సెట్టు మళ్ళీ డబ్బాలోకి పోతుంది. రింగు మార్చే మనిషి నెలకోసారైనా చేవెళ్ల దవాఖానలోనే కూర్చోవాలి.