ఎక్స్‌రే గదిలో ఇరవై ఏళ్ల తర్వాత మన సంగతేంటి?



మాది చాట్రాయి మండలం. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నాతోనే మొదలు. ఇప్పుడు హాస్టల్లో ఉండి మెడికల్ ఇమేజింగ్ చదువుతున్నా. ఇంటర్ బైపీసీ అయిన మన పిల్లలు "డీఎంఐటీ చేస్తే ఉద్యోగం వస్తుందా?" అని అడుగుతున్నారు. అడగాల్సిందే. కానీ దాని పక్కన ఇంకో ప్రశ్న కూడా పెట్టుకోవాలి: ఉద్యోగం వచ్చాక, నలభై అయిదేళ్ల వయసులో మనం ఎక్కడుంటాం?

ప్రాక్టికల్స్‌లో నేను చూసిన సీనియర్లు పనిలో దిట్టలు. నొప్పితో వంగిపోయిన ముసలమ్మని కూడా రెండోసారి తీసే పని లేకుండా ఒక్క షాట్‌లో తీసేస్తారు. అయినా వాళ్లలో చాలామంది మాట ఒకటే: "చేరినప్పుడు ఏ పోస్టో ఇప్పుడూ అదే." జీతం కన్నా ఇదే ఎక్కువ బాధ పెడుతోందని నాకనిపించింది. డాక్టరుకి ప్రొఫెసర్ దాకా మెట్లున్నాయి, స్టాఫ్ నర్సుకి హెడ్ నర్సు ఉంది. రేడియోగ్రాఫర్‌కి పైమెట్లు బాగా తక్కువ. కాంట్రాక్టు వాళ్లకైతే ఆ మాటే లేదు.

ఇంగ్లండ్‌లో రేడియోగ్రాఫర్లకి అసిస్టెంట్ నుంచి కన్సల్టెంట్ దాకా నాలుగు మెట్లున్నాయి. పైచదువు, ట్రైనింగ్ ఉంటే రిపోర్టు కూడా రాయొచ్చు. మన దగ్గర రిపోర్టు రేడియాలజిస్టుదే. 1994 చట్టం వల్ల గర్భిణులకి స్కానింగ్ కూడా అర్హత ఉన్న డాక్టర్లే చేయాలి. ఆడపిల్లల కోసం వచ్చిన ఆ చట్టాన్ని మార్చమని నేననట్లేదు. మిగతా మెట్లన్నా ఉండాలి కదా అంటున్నా. మన నూజివీడు వైపు పాత మామిడి చెట్టు కాపు తగ్గితే కొమ్మలు కొట్టి కొత్త చిగురు తెప్పిస్తారు. ఇరవై ఏళ్ల అనుభవమున్న మనిషికి ఆ మాత్రం చేయలేమా?

"ముందు ఉద్యోగం రానీ, సంతృప్తి సంగతి తర్వాత" అంటారు కొందరు. ఆకలి తెలిసిన ఇళ్ల నుంచి వచ్చినోళ్లం, ఆ మాట నాకూ అర్థమవుతుంది. కానీ మన ఇళ్లలో ఒక్క జీతం మీద తమ్ముడి చదువు, చెల్లి పెళ్లి, అమ్మానాన్నల మందులు అన్నీ నడుస్తాయి. ఆ జీతం ఒకేచోట ఆగితే ఇల్లంతా ఆగుతుంది. అందుకే ఈ లెక్క మనకే ఎక్కువ అవసరం.

ముందు మార్కుల సంగతి. ఇటీవలి జిల్లా నోటిఫికేషన్లు చూడండి. 100లో 75 కోర్సు మార్కులకే. పాసై ఎన్నేళ్లయిందో దానికి 10 దాకా, కాంట్రాక్టు సర్వీసుకి 15 దాకా. గిరిజన ప్రాంతంలో ఆరు నెలల సర్వీసుకి 2.5, పల్లెలో 2, పట్నంలో 1. కాబట్టి "పాసైతే చాలు" అనుకుని చదవొద్దు. ఒకటి రెండు పోస్టులే ఉంటే రోస్టర్‌లో మన పాయింట్ రాకపోవచ్చు. రిజర్వేషన్ మీదే భారం వేయొద్దు.

రెండోది, 2021 జాతీయ అలైడ్ హెల్త్ కేర్ చట్టంలో మన కోర్సు ఉంది. అందులో డిప్లొమా వాళ్లకీ డిగ్రీ వాళ్లకీ తేడా ఉంది. వీలైతే డిగ్రీ చేయండి. డిప్లొమాతో చేరినా సీటీ, ఎంఆర్‌ఐ, క్యాథ్ ల్యాబ్‌లలో ఏదో ఒకటి గట్టిగా నేర్చుకోండి. రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ బాధ్యతకి ఏమేం అర్హతలు కావాలో ఇప్పుడే కనుక్కోండి.

మూడోది ఒంటి సంగతి. టీఎల్‌డీ బ్యాడ్జి అలంకారం కాదు. మూడు నెలలకోసారి దాని రీడింగ్ అడిగి రాసిపెట్టుకోండి. పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. ముప్పై ఏళ్లు చేయాల్సిన పని ఇది.

ఇక సర్కారుని అడగాల్సింది ఒకటుంది. ఉద్యోగంలో చేరేటప్పుడు గిరిజన ప్రాంత సర్వీసుకి మార్కులిచ్చే మీరు, చేరాక అదే సర్వీసుకి పైమెట్టు ఎందుకివ్వరు? సీనియర్ గ్రేడ్, ట్రైనర్, సేఫ్టీ ఇన్‌చార్జి అని పోస్టులు పెడితే అనుభవం వృథా కాదు, కొత్తగా వచ్చే మన పిల్లలకి నేర్పేవాళ్లూ ఉంటారు.

గ్రూపులో ఈ ఫీల్డులో పదేళ్లు దాటినవాళ్లుంటే దయచేసి రాయండి. మీకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, రాకపోతే ఏం అడ్డొచ్చింది? మీరు రాసే నాలుగు లైన్లు చూసుకుని ఈ ఏడాది ఇంటర్ అయిన ఒక చెల్లి తన దారి తేల్చుకుంటుంది.