మొదటి మ్యాచ్ చూసి మనిషిని తేల్చేస్తే ఎలా?

"ఫస్ట్ ఇంప్రెషన్ ఈజ్ ద బెస్ట్ ఇంప్రెషన్" అని మనవాళ్ళు అదేదో వేదవాక్యంలా చెప్తుంటారు. నాకు మాత్రం ఈ మాట మీద ఎప్పట్నుంచో అనుమానం. ఇది ఎంత నిజమో తేల్చుకోవాలంటే అమెరికా బేస్‌బాల్ పాత స్కోరుకార్డులు తిరగేస్తే చాలు. ఎవరు ఏ రోజు మొదటిసారి మైదానంలోకి దిగారు, ఎన్ని హిట్లు కొట్టారు, ఎన్ని పరుగులిచ్చారు.. వందేళ్ళ పైబడిన లెక్కలు కూడా పదిలంగా ఉన్నాయి.

బేస్‌బాల్ తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడు. బ్యాటింగ్ సగటు 0.300 అంటే సుమారుగా పదిసార్లు బ్యాటింగ్‌కి వస్తే మూడు హిట్లు కొట్టాడని. ఆ మూడు కొడితేనే గొప్ప ఆటగాడి కింద లెక్క!

1936లో హాల్ ఆఫ్ ఫేమ్ కోసం మొట్టమొదట ఐదుగుర్ని ఎన్నుకున్నారు. వాళ్ళలో హోనస్ వాగ్నర్ 1897లోనే ఆట మొదలెట్టాడు. మిగతా నలుగురూ 1900 - 1914 మధ్య మొదటి మ్యాచ్ ఆడినవాళ్ళు. ఆ మొదటి రోజులు ఎలా గడిచాయో చూడండి.

క్రిస్టీ మాథ్యూసన్. 1900 జులైలో న్యూయార్క్ జెయింట్స్ తరఫున దిగాడు. ఆ సీజన్లో ఒక్క గెలుపూ లేదు, మూడు ఓటములు. మాకొద్దు బాబూ అని జెయింట్స్ వాళ్ళు అతన్ని నార్ఫోక్‌లోని చిన్న టీముకి తిప్పి పంపేశారు. తర్వాత సిన్సినాటి చేతికి వెళ్ళి, అక్కణ్ణుంచి మళ్ళీ జెయింట్స్‌కే వచ్చాడు. 1901లో 20 మ్యాచులు గెలిచాడు. మొత్తం కెరీర్లో 373.

టై కాబ్. 1905 ఆగస్టు 30న, 18 ఏళ్ళ వయసులో, డెట్రాయిట్ తరఫున. తల్లి పేల్చిన తుపాకీకి తండ్రి చనిపోయి అప్పటికి మూడు వారాలు. మొదటిసారి బ్యాటు పట్టుకుని జాక్ చెస్‌బ్రో బంతిని డబుల్ కొట్టాడు. చెస్‌బ్రో అంటే అంతకు ముందు సంవత్సరమే 41 మ్యాచులు గెలిచిన పిచర్. ఆహా అనుకున్నారా? ఆ సీజన్ అయ్యేసరికి కాబ్ సగటు 0.240. అంటే మొదటి రోజు చూసి మెచ్చుకున్నవాడూ ఆ యేడాది తప్పే, సీజన్ చివర చూసి పెదవి విరిచినవాడూ తప్పే. ఎందుకంటే తర్వాత వరసగా 23 సీజన్లు ఈయన సగటు 0.300 కిందకి దిగలేదు.

వాల్టర్ జాన్సన్. 1907 ఆగస్టు 2, వాషింగ్టన్ టీము. అప్పటికి 19 ఏళ్ళ కుర్రాడు, బంతి మహా వేగం. ఎదురుగా డెట్రాయిట్, అందులో మన కాబ్. ఈ వేగానికి బ్యాటు ఊపి లాభం లేదనుకున్నాడేమో, బంతికి బ్యాటు అడ్డంపెట్టి మెల్లగా ముందుకి తోసి పరిగెత్తాడు. జాన్సన్ ఇచ్చిన మొదటి హిట్ అదే. మ్యాచ్ 3-2తో పోయింది. ఆ జాన్సనే చివరికి 417 మ్యాచులు గెలిచాడు. అవతలి టీముకి ఒక్క పరుగూ ఇవ్వకుండా గెలిచినవే 110. ఆ 110 రికార్డు ఇప్పటికీ చెక్కు చెదరలేదు.

ఇక బేబ్ రూత్. 1914 జులై 11, బోస్టన్ రెడ్ సాక్స్, పిచర్‌గా. మ్యాచ్ 4-3తో గెలిచారు. తమాషా ఏంటంటే, ఏడో ఇన్నింగ్స్‌లో రూత్ బ్యాటింగ్ వంతు వచ్చేసరికి, ఇతనితో ఏమవుతుందిలే అని బదులుగా డఫీ లూయిస్‌ని పంపించారు. తర్వాత 714 హోమ్ రన్లు కొట్టబోయే మనిషిని పక్కన కూర్చోబెట్టారన్నమాట! మరుసటి నెల్లో కింది లీగుకి, ప్రావిడెన్స్‌కి పంపారు కూడా.

"మొదటి రోజే మెరిసినవాళ్ళు లేరా?" అని అడగొచ్చు. ఎందుకు లేరు? అడీ జాస్ 1902లో తన మొదటి మ్యాచ్‌లో ఒకే ఒక్క హిట్ ఇచ్చాడు, నిజంగానే మహా పిచర్ అయ్యాడు. నేననేది మొదటి మ్యాచ్ ఎప్పుడూ అబద్ధం చెప్తుందని కాదు. అది నిజం చెప్తోందో అబద్ధం చెప్తోందో ఆ రోజు ఎవరికీ తెలీదని. తెలియాలంటే రెండోది, పదోది, వందోది ఆడించాలి. పైన చెప్పిన నలుగురికీ దక్కింది అదే.

అందరికీ దక్కలేదు మరి. ఆర్చిబాల్డ్ 'మూన్‌లైట్' గ్రాహం 1905 జూన్ 29న జెయింట్స్ తరఫున మ్యాచ్ చివర్లో ఫీల్డింగ్‌కి దిగాడు. తన బ్యాటింగ్ వంతు వచ్చేలోపే మ్యాచ్ అయిపోయింది. మళ్ళీ ఎప్పుడూ పిలవలేదు. ఆయన మిన్నెసోటాలోని చిజం అనే ఊళ్ళో డాక్టరుగా స్థిరపడి, దశాబ్దాల పాటు ఊరి పిల్లలకి వైద్యం చేసి 1965లో పోయాడు. 'ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్' (1989) సినిమా చూసినవాళ్ళకి ఈయన గుర్తుండే ఉంటాడు. ఈయన బ్యాటింగ్ బాగా చేసేవాడా? మేజర్ లీగ్ స్కోరుకార్డు దగ్గర జవాబు లేదు. అడిగితేగా చెప్పేది!

ఇంకా ఘోరం ఏంటంటే, అసలు మొదటి మ్యాచే దొరకనివాళ్ళు. చార్లీ గ్రాంట్ నల్లజాతి ఆటగాడు. 1901లో బాల్టిమోర్ మేనేజర్ జాన్ మెక్‌గ్రాకి ఇతని ఆట తెగ నచ్చింది. నల్లవాళ్ళని తీసుకోకూడదని కాగితం మీద రూలేమీ లేదు, యజమానులందరి మధ్యా నోటిమాట ఒప్పందం. అందుకని మెక్‌గ్రా ఇతన్ని చెరకీ ఇండియన్ అని చెప్పి, 'టోకోహామా' అని పేరు పెట్టి ఆడిద్దామనుకున్నాడు. షికాగో యజమాని చార్లెస్ కోమిస్కీ పసిగట్టి గొడవ చేశాడు. అంతే, గ్రాంట్ మేజర్ లీగులో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

ఆ గోడ 1947 ఏప్రిల్ 15 దాకా నిలబడింది. ఆ రోజు బ్రూక్లిన్ తరఫున దిగిన జాకీ రాబిన్సన్ ఎన్ని హిట్లు కొట్టాడో తెలుసా? సున్నా. ఆ ఒక్క స్కోరు చూసి "చూశారా, మేం ముందే చెప్పాం" అనడానికి కాచుక్కూచున్నవాళ్ళు ఎంతమందో! మర్నాడు కూడా ఆడించారు కాబట్టి సరిపోయింది. ఆ సంవత్సరం ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి ఆయనకే వచ్చింది. జాష్ గిబ్సన్‌కి ఆ అదృష్టం కూడా లేదు. రాబిన్సన్ ఆడటానికి మూడు నెలల ముందే, 35 ఏళ్ళకే పోయాడు. 2024లో నీగ్రో లీగుల లెక్కల్ని మేజర్ లీగ్ రికార్డుల్లో కలిపితే, కెరీర్ సగటులో గిబ్సన్ 0.372తో కాబ్ 0.367ని దాటి పైకొచ్చాడు. పోయిన 77 ఏళ్ళకి!

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళం చేసేదేంటి? నలభై ఐదు నిముషాల ఇంటర్వ్యూలో బైనరీ ట్రీ తిప్పి రాయలేదని ఒకణ్ణి, మొదటి రిలీజులో బగ్గు వచ్చిందని ఇంకొకణ్ణి పక్కన పెట్టేస్తాం. కాలేజీ పేరు ఎవరూ వినలేదనీ, పిల్లల కోసం మూడేళ్ళు గ్యాప్ వచ్చిందనీ రెజ్యూమే పక్కకి నెడతాం. అమెరికాలో నల్లవాళ్ళకి జరిగిందీ ఇదీ ఒకటే అనను, అంత మాట అనకూడదు. కానీ పద్ధతి తెలిసిందే కదా.. రాతలో ఏ రూలూ ఉండదు, అయినా తలుపు మాత్రం తెరుచుకోదు.

"అందరికీ వంద మ్యాచులు ఇవ్వడం కుదురుతుందా?" అంటారు. కుదరదు, నిజమే. ఇవ్వలేనప్పుడు కనీసం "వాడి వల్ల కాదు" అని తీర్పు చెప్పకుండా ఉందాం. "మేం సరిగ్గా చూడలేదు" అందాం. వీలైతే ఇంకో మ్యాచ్ ఇద్దాం. మాథ్యూసన్‌ని తిప్పి పంపిన జెయింట్స్‌కే అతను మళ్ళీ దొరికాడు. అందరికీ అంత అదృష్టం ఉండదు.