మళ్లీ మెత్తేదెవరు?

పర్యావరణహిత ఇళ్ల గురించి ఆర్కిటెక్టులు మైమరచి మాట్లాడుతుంటే నాకు ఒకటే ప్రశ్న: వానకు కరిగిన మట్టిగోడను మళ్లీ మెత్తేదెవరు?

మట్టిల్లు చల్లగా ఉంటుంది, నిజమే. సిమెంటు కోసం సున్నపురాయిని కాలిస్తే బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది, అదీ నిజమే. కానీ పేడ తెచ్చి, నీళ్లు మోసి, వంగి వంగి ఇల్లంతా అలికే ఆడమనిషి నడుంనొప్పి ఎవరి లెక్కలోకీ రాదు. నేలకు సిమెంటు గచ్చు చేయించుకున్నాక మా అమ్మమ్మ సంబరపడింది. ఆమె పర్యావరణ ద్రోహా?

మట్టి వద్దని కాదు. పాకిస్తాన్ తొలి మహిళా ఆర్కిటెక్టు యాస్మిన్ లారీ పెద్ద పెద్ద కాంక్రీటు భవనాలు కట్టి, 2000లో ఆ వృత్తి మానుకున్నారు. 2005 భూకంపం తర్వాత మట్టి, సున్నం, వెదురు పట్టుకున్నారు. సున్నం కలిస్తే మట్టి నీళ్లకు తట్టుకుంటుంది. మెత్తే పని తగ్గుతుంది. సింధు పల్లెల్లో ఆమె నేలమీది పొయ్యిని అరుగెక్కించారు. వరద అందదు, పొగ గొట్టంలోంచి బయటికి పోతుంది. కట్టడం నేర్చుకున్న స్త్రీలు ఇతరులకు నేర్పి నాలుగు డబ్బులు సంపాదించుకున్నారు. 2018లో ఆ పొయ్యికి ప్రపంచ ఆవాస పురస్కారం వచ్చింది. (పొయ్యిని కూడా ఆర్కిటెక్చర్ అనాలా అని మూతి విరిచేవాళ్లు ఒక పూట దాని ముందు కూర్చుని రొట్టెలు కాల్చి చూడాలి.)

మనవాళ్లనూ అడుగుదాం: ఈ గోడకు ఏడాదికెన్నిసార్లు మెత్తాలి, ఎవరు మెత్తాలి, వాళ్లకు కూలెంత? ప్లానుమీదే రాసిమ్మందాం.