టీవీకి అందని సైకిల్ పందెం

అమీర్‌పేట అంటే పల్లెల్లో కంప్యూటర్ కోచింగ్. పంజాగుట్ట అంటే ట్రాఫిక్. వికారాబాద్ జిల్లా నుంచి ఏటా ఎందరో కుర్రాళ్లు భుజాన సంచితో అక్కడ బస్సు దిగుతున్నారు. బడికీ పొలానికీ ఏళ్ల తరబడి తొక్కిన సైకిలును ఇంటి గోడకు ఆనించి వెళ్లినవారు వీరిలో చాలామంది. సైకిల్ తొక్కడం కూడా ఒక వృత్తి అనీ, అందుకు జీతాలిచ్చే జట్లు విదేశాల్లో ఉన్నాయనీ వారికి తెలియదు. ఆ ఆట మన టీవీల్లో అరుదుగా తప్ప కనిపించకపోవడమే ఇందుకు ముఖ్య కారణం.

కనిపించకపోవడానికీ ఒక కారణం ఉంది. క్రికెట్‌కు మైదానం ఉంటుంది, కబడ్డీకి బరి ఉంటుంది. నాలుగు వైపులా కెమెరాలు నిలబెడితే ఆట మొత్తం ఇంటికి చేరుతుంది. రోడ్డు సైకిల్ పందేనికి మైదానం లేదు. ఒక ఊళ్లో బయలుదేరి నూటయాభై, రెండువందల కిలోమీటర్ల అవతల మరో ఊళ్లో ముగుస్తుంది. ముందు నలుగురు, వారి వెనుక పదిమంది, ఆ వెనుక వందమంది. ఒకే పందెం ఒకేసారి మూడు చోట్ల నడుస్తుంటుంది. ఆటతోపాటు కెమెరా కూడా పరుగెత్తాలి.

ఫ్రాన్సు దేశంలో మూడు వారాలపాటు సాగే టూర్ డి ఫ్రాన్స్‌లో ఈ పని ఎలా చేస్తారో తెలుసుకోదగినది. మోటారు సైకిల్ వెనుక సీటు మీద కూర్చున్న కెమెరామన్ పోటీదారుల పక్కనే పోతూ దృశ్యం తీస్తాడు. ఆ దృశ్యం తరంగాల రూపంలో పైన ఎగిరే హెలికాప్టర్‌కో, ఇంకా ఎత్తున తిరిగే విమానానికో చేరి, అక్కడినుంచి కింద ఉన్న ప్రసార వాహనానికి వస్తుంది. మధ్యలో ఎక్కడ అడ్డు తగిలినా తెర మీద బొమ్మ ఆగిపోతుంది.

ఇదే ఏర్పాటుతో అమీర్‌పేటలో బయలుదేరి అనంతగిరి గుట్ట మీద ముగిసే పందెం పెట్టారనుకుందాం. మొదటి అడ్డంకి మెట్రో. 2018 సెప్టెంబరులో రైళ్లు మొదలైన ఈ మార్గంలో అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వరకు రోడ్డు మధ్యన స్తంభాలు, నెత్తిన కాంక్రీటు వంతెన. దాని నీడన పోయే సైకిలు హెలికాప్టర్‌కు కనిపించదు. కింది కెమెరా తరంగం పైకి పోవడం కష్టం. మెహదీపట్నం, మొయినాబాద్ దాటి చేవెళ్ల దారి పట్టగానే మర్రిచెట్లు. రోడ్డు వెడల్పుకు అడ్డమని ఏళ్ల తరబడి వివాదంలో నలిగిన ఈ చెట్ల గుబురు కూడా తరంగానికి అడ్డే. మన్నెగూడ, వికారాబాద్ దాటాక అనంతగిరి ఎక్కుడు. అక్కడ మలుపులు, అడవి.

ఇన్ని చిక్కులు దాటాలంటే డబ్బు కావాలి. క్రికెట్‌కు టికెట్టు అమ్ముతారు. సైకిల్ పందేన్ని జనం రోడ్డు పక్కన నిలబడి ఉచితంగా చూస్తారు. కనుక ఖర్చు భరించవలసింది చొక్కాల మీద పేర్లు వేయించుకునే కంపెనీలే. టీవీలో కనిపించనిదే అవి ముందుకు రావు. అవి రానిదే పందెం లేదు, పందెం లేనిదే పల్లె కుర్రాడికి జట్టు లేదు. అసలు ముడి ఇక్కడుంది.

నగరంలోనే చిన్న చుట్టు గీసి పందెం పెడితే సరిపోతుంది కదా అనేవారున్నారు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున 2.8 కిలోమీటర్ల చుట్టు మీద ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పోటీ జరిగింది. దారి పొడవునా కెమెరాలు బిగించి ప్రపంచమంతటికీ చూపించారు. కానీ రోడ్లు మూసివేయడంతో జనం అవస్థ పడ్డారు. మరుసటి ఏడాది జరగవలసిన పోటీ రద్దయింది. ఆ ప్రసారంలో కనిపించింది నగరమే. పల్లె దారికి అందులో చోటు లేదు.

ఆసుపత్రులకు, బడులకు డబ్బు చాలని చోట సైకిళ్ల వెంట హెలికాప్టర్లు తిప్పాలా అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. తిప్పనవసరం లేదు. టూర్ డి ఫ్రాన్స్‌ను 1948లో టీవీలో మొదటిసారి ప్రత్యక్షంగా చూపించినప్పుడు పారిస్‌లోని ముగింపు మాత్రమే చూపించారు. ప్రతి దశనూ మొదటినుంచి చివరిదాకా చూపించడం 2017లో గాని సాధ్యపడలేదు. ఇప్పుడు పలు సిమ్‌కార్డులను కలిపి మొబైల్ టవర్ల ద్వారా దృశ్యం పంపే పరికరాలు చిన్న పందేలకు వాడుతున్నారు. జనం గుమిగూడిన చోట, టవరు అందని గుట్టల్లో అవి తడబడవచ్చు. అందుకే ముందుగా సిగ్నల్ పరీక్షించుకోవాలి.

కాబట్టి మెట్రో కింద కుస్తీ పట్టడం మాని అనంతగిరి ఎక్కుడుతో మొదలుపెట్టడం మేలు. గుట్ట కింద ఒకటి, మలుపుల వద్ద రెండు మూడు, శిఖరాన ఒకటి కెమెరాలు నిలబెట్టి, సిమ్ పరికరంతో ఒక మోటారు సైకిల్ నడిపితే చాలు. 2026 జనవరిలో పుణె పరిసరాల్లో పలు దేశాల జట్లతో రోడ్డు సైకిల్ పందెం జరిగింది. అక్కడ సాధ్యమైంది ఇక్కడ అసాధ్యం కాదు.

అయితే ఒక హెచ్చరిక. చేవెళ్ల దారి ప్రమాదాల దారి. 2025 నవంబరులో మీర్జాగూడ వద్ద ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొని ఎందరో ప్రాణాలు కోల్పోయారు. పందెం నాడు రోడ్డు పూర్తిగా మూయకుండా ఒక్క సైకిలును కూడా వదలరాదు. అంబులెన్సుకు, కూరగాయల బండ్లకు వేరే దారి ముందే చూపించాలి.

1975-76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందాయి. అందులో మన రాష్ట్రమూ ఉంది. అప్పుడు ఊరు టీవీని చూసింది. టీవీ ఊరి రోడ్డును చూడటం మిగిలి ఉంది. దూరదర్శన్ యాదగిరి, పర్యాటక శాఖ, జిల్లా యంత్రాంగం కలిసి కూర్చుని ఒక ఆదివారం ఉదయం గుట్ట పందెం పెట్టి చూపించడానికి పూనుకోవాలి. గోడకు ఆనించిన సైకిళ్లు కొన్నయినా మళ్లీ రోడ్డెక్కుతాయి.