మా వాడ రాతలు – 23: తోడు మనిషి ఎవరు?



ఈసారి రాసేది చదవడానికి కొంచెం సిగ్గుగా ఉంటుంది. ఉండనీండి. ఆ సిగ్గుతోనే మా పెద్దనాయన నాలుగు నెలలు లుంగీ కింద ఉచ్చ సంచి దాచుకుని బతికినాడు.

మాది ఆదోని వైపు పల్లె. రాత్రికి ఆరేడుసార్లు లేచి కంపచెట్ల దాకా పోయేవాడు. ఎంతసేపు కూర్చున్నా చుక్కలే. రాయేమో అనుకుని ఉలవకట్టు తాగించినాం (మా సీమలో ఏ ఉచ్చ బాధైనా ముందు రాయే కదా). ఆర్‌ఎంపీ "వయసు" అన్నాడు. పెద్దనాయన నీళ్లు తాగడమే తగ్గించినాడు. నీళ్లు తాగే హక్కు కోసం బాబాసాహెబ్ 1927లో మహాడ్ చెరువుకు నడిచినాడు. ఈయనేమో ఇంట్లో కడవ నిండుగా పెట్టుకుని తాగడానికి భయపడినాడు.

ఒక రాత్రి పూర్తిగా ఆగిపోయింది. పొత్తికడుపు రాయిలా బిగిసింది. ఆస్పత్రిలో పైపు వేసి, ఆపరేషన్ చేయాలి, తోడు మనిషిని పిలుచుకుని రమ్మన్నారు.

ఎవరిని పిలుచుకుపోవాల? కొడుకూ కోడలూ సుగ్గికి గుంటూరు మిరప కోతలకు పోయినారు. మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా రాలేరు. పెద్దమ్మకు చూపు లేదు. నేను హైదరాబాదులో, రెండు రోజులకు మించి సెలవు దొరకలేదు. నా తప్పూ ఉంది ఇందులో.

జబ్బు పెద్ద వింతేం కాదు. మూత్రసంచి కింద ఉండే ప్రోస్టేటు గ్రంథి వయసుతో ఉబ్బి దారిని నొక్కుతుంది. 60 దాటిన మగవాళ్లలో దాదాపు సగం మందికి ఉబ్బుతుంది. ఇది క్యాన్సర్ కాదు. చాలామందికి ముందు మాత్రలతోనే నడుస్తుంది. మాటిమాటికీ ఉచ్చ ఆగిపోయినా, రక్తం పడుతున్నా, కిడ్నీలు దెబ్బతింటున్నా ఆపరేషనే. టీయూఆర్‌పీ అంటారు. నడుముకు మత్తు సూది ఇచ్చి, ఉచ్చ దారిలోనే సన్నని గొట్టం పంపి, అడ్డుపడిన కండ చెక్కి తీస్తారు. పొట్ట కోయరు. రెండు మూడు రోజులు పైపు ఉంటుంది. మగతనం పోతుందని మావాళ్లు గుసగుసలాడతారు. చాలామందికి అంగస్తంభన పోదు, వీర్యం మాత్రం బయటికి రాక సంచిలోకి పోతుంది. డాక్టర్లు ఈ మాట ముందే తెలుగులో చెప్పాల.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. సర్జను, మత్తు, మంచం, మందు, అన్నీ లెక్కేస్తారు. మంచం పక్కన కూర్చునేవాడి కూలి ఏ లెక్కలోనూ లేదు. జీతగాడి కొడుకు సెలవు పెడతాడు. ఎర్రగుంట్ల నాపరాయి గనుల్లో దినకూలికి పోయే కొడుకు ఏం పెట్టాల? "ప్రోస్టేటుకు కులమేంది అన్నా" అని ఒక తమ్ముడు అడిగినాడు. గ్రంథికి లేదు తమ్ముడూ, సెలవు చీటీకి ఉంది. మళ్లీ మమ్మల్నే నిర్లక్ష్యం మనుషులంటారు.

నేనడిగేది రెండే. తోడు మనిషికి ఆ రోజుల కూలి కట్టివ్వండి. వంద కిలోమీటర్లు కర్నూలుకు తిప్పకుండా ఆదోనిలోనే ఈ ఆపరేషన్ చేయండి.

ఉగాది దాటినాక కొడుకు వచ్చినాడు, ఆపరేషన్ అయింది. అప్పటికే కిడ్నీలు కొంత దెబ్బతిన్నాయి, ఇప్పుడు మందుల మీద ఉన్నాడు. మీ వాడలో పైపుతో ఉన్న ముసలాయన ఉంటే, అది ఏ తేదీన వేసినారో అడగండి. కొన్ని వారాలకొకసారి మార్చాల దాన్ని. మా పెద్దనాయనకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.