గాలిమోటరు ఎక్కనివారికీ అందులో వాటా ఉంది

మన వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లో డెబ్బై ఏళ్లు దాటిన పెద్దవారిని పలకరిస్తే విమానం అనరు, గాలిమోటరు అంటారు. ఆ మాట అనేటప్పుడు వారి ముఖాలు విప్పారతాయి. వారిలో నూటికి తొంభై మంది ఏనాడూ విమానం ఎక్కినవారు కారు. అయినా దాని రంగు చెబుతారు, చప్పుడు చెబుతారు, ఏ పొలం మీదుగా వంగి మామునూరు వైపు దిగిందో చేయి చాపి చూపిస్తారు.

మా తాత అటువంటివారిలో ఒకడు. చిన్నతనంలో మామునూరు మైదానం చుట్టూ పశువులు కాసేవాడు. గాలిమోటరు వస్తుందన్న కబురు అందితే మైదానంలోని ఎడ్లను, మేకలను తోలేయాలని కేకలు వినబడేవట. పిల్లలంతా పశువులను వదిలేసి ఖమ్మం రోడ్డు వైపు పరుగు తీసేవారట. తాత కళ్లు మందగించిన తర్వాత కూడా ఆకాశంలో ఏదైనా మోగితే తల ఎత్తేవాడు. "గది డకోటా కాదు రా బిడ్డా. డకోటా సప్పుడు గుండెల్ల వినబడుతది" అనేవాడు.

ఆ డకోటా సంగతి నేటి పిల్లలకు తెలియదు. అందుకే నాలుగు మాటలు చెప్పుకోవాలి.

అమెరికాలోని డగ్లస్ కంపెనీ తయారుచేసిన ఈ విమానం అసలు పేరు డిసి-3. మొదటిసారి ఎగిరింది 1935 డిసెంబరు 17న. రైట్ సోదరులు ఎగిరి ఆ రోజుకు సరిగ్గా 32 ఏళ్లు. రెండవ ప్రపంచ యుద్ధంలో సైన్యం కోసం పదివేలకు పైగా తయారయ్యాయి. డకోటా అన్న పేరు బ్రిటిషువారు పెట్టింది. రెండు ఇంజన్లు, ఒక్కొక్క దానిలో గుండ్రంగా అమర్చిన 14 సిలిండర్లు. తోక కింద చిన్న చక్రం ఉండడం వల్ల నేల మీద నిలబడినప్పుడు ముక్కు పైకి, తోక కిందికి ఉండేది. ఎక్కినవారు తమ సీటు చేరడానికి గుట్ట ఎక్కినట్టు నడవవలసి వచ్చేది. సిమెంటు రన్‌వే లేకపోయినా గట్టి నేల ఉంటే చాలు, దిగేది, లేచేది.

యుద్ధం ముగిశాక మిగిలిపోయిన డకోటాలు చవకగా అమ్మకానికి వచ్చాయి. వాటితోనే మన దేశంలో విమాన కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. మన హైదరాబాదుకూ ఒక కంపెనీ ఉండేది. దాని పేరు దక్కన్ ఎయిర్‌వేస్. 1945లో నిజాం సంస్థానం, టాటాల భాగస్వామ్యంతో ఏర్పడింది. బేగంపేట దాని స్థావరం. ఈ కంపెనీ చేసిన ఒక పని చరిత్రలో నిలిచిపోయింది. 1947లో పైలట్ లైసెన్సు సంపాదించిన ప్రేమ్ మాథుర్ అనే మహిళకు ఇతర కంపెనీలు ఉద్యోగం ఇవ్వలేదు. ఇచ్చింది మన హైదరాబాదు కంపెనీయే. భారతదేశంలో ప్రయాణికుల విమానం నడిపిన మొదటి మహిళగా ఆమె పేరు పొందింది. ఈ విషయం మన జిల్లాలో ఎందరు ఆడపిల్లలకు తెలుసు? మనం చెబితే కదా తెలిసేది!

1953 ఆగస్టు 1న దేశంలోని ఎనిమిది ప్రైవేటు కంపెనీలను జాతీయం చేశారు. దక్కన్ ఎయిర్‌వేస్ కూడా ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయింది. పేరు పోయింది, విమానాలు మాత్రం ఎగురుతూనే ఉన్నాయి.

విమానం పెద్దవాళ్ల వాహనం, దాని జ్ఞాపకాలతో పల్లెవాళ్లకేమి పని అని ఒక మిత్రుడు నన్ను అడిగాడు. ఇది తొందరపాటు మాట. మన దేశంలో పౌర విమానయానం మొదలైనదే జాబుల సంచితో. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి చిన్న ఒంటి ఇంజను విమానంలో తెచ్చింది మనుషులను కాదు, తపాలాను. ఆ తపాలా అక్కడి నుంచి బళ్లారి మీదుగా మద్రాసు చేరింది.

స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత 1949లో రాత్రి విమాన తపాలా ప్రారంభమైంది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి రాత్రిపూట బయలుదేరిన విమానాలు నడిరాత్రి నాగపూరులో కలుసుకునేవి. అక్కడ సంచులు మార్చుకుని, తెల్లవారేసరికి ఎవరి ఊరికి వారు తిరిగి వెళ్లేవారు. ఎడ్ల అంగడిలో నాలుగు దిక్కుల బండ్లు కలుసుకున్నట్టే అనుకోండి. అదే సంవత్సరం మామూలు ఉత్తరాలను కూడా అదనపు రుసుము లేకుండా విమానంలో పంపే పద్ధతి వచ్చింది. అంటే ఢిల్లీలో సిపాయిగా ఉన్న కొడుకు తల్లికి రాసిన ఉత్తరం, సగం దూరం డకోటా మీద వచ్చి, మిగతా దూరం రైలు మీద, బస్సు మీద, చివరికి పోస్టుమాన్ సైకిలు మీద ఇంటికి చేరి ఉండవచ్చు. ఆ తల్లికి ఆ సంగతి తెలియకపోవచ్చు. కానీ ఆమెకు ఆ విమానంలో వాటా లేదని ఎవరు అనగలరు?

డకోటా తర్వాత కొత్త విమానాలు వచ్చాయి. 1957లో వైకౌంట్, 1961లో ఫోకర్ ఫ్రెండ్‌షిప్, 1964లో కారవెల్లె జెట్, ఆ తర్వాత కాన్పూరులో మన దేశంలోనే తయారైన ఆవ్రో, 1970లో బోయింగ్ 737 ఇండియన్ ఎయిర్‌లైన్సులో చేరాయి. ఫోకరుకు రెక్కలు పైన ఉండేవి కనుక ఏ కిటికీ దగ్గర కూర్చున్నా నేల కనిపించేది. వైకౌంటుకు, ఫోకరుకు, ఆవ్రోకు ఇంజను రోల్స్‌రాయిస్ వారి డార్ట్. సన్నగా ఈల వేసినట్టు మోగేది. ఎయిర్ ఇండియా వారు 1971లో తెచ్చిన పెద్ద బోయింగ్ 747 విమానాల కిటికీల చుట్టూ రాజమహల్ గవాక్షాల వలె రంగులు వేయించారు. ఆ రోజుల్లో విమానం అంటే కంపెనీకి గౌరవం, దేశానికి పరువు.

ఇందులో ఒక మార్పును గమనించాలి. డకోటా లోపల గాలి ఒత్తిడిని నిలబెట్టే ఏర్పాటు లేదు. కనుక మరీ ఎత్తుకు పోలేకపోయేది, మేఘాల కిందనే, వాటి మధ్యనే పోవలసి వచ్చేది. అందువల్లనే పొలంలో ఉన్నవాడికి దాని రెక్కలు, కిటికీలు కనిపించేవి. జెట్లు వచ్చాక విమానం ముప్పై వేల అడుగులు దాటి పైకి పోయింది. ఇప్పుడు మనకు కనిపించేది ఆకాశంలో తెల్లని గీత మాత్రమే. పైగా జెట్లకు పొడవైన, గట్టి రన్‌వేలు కావాలి. చిన్న మైదానాలు ఒకటొకటిగా మూలపడ్డాయి. నిజాం కాలంలో కట్టిన మన మామునూరులో 1981 తర్వాత రాకపోకలు ఆగిపోయాయి. బేగంపేటలో కూడా 2008 మార్చిలో మామూలు ప్రయాణికుల విమానాలు నిలిచిపోయాయి. శంషాబాద్ ఒప్పందంలోని 150 కిలోమీటర్ల నిబంధన మామునూరుకు చాలాకాలం అడ్డుగా నిలిచింది.

పాత కాలమంతా బంగారమని నేను అనడం లేదు. డకోటాలో చప్పుడుకు చెవులు దిబ్బడ వేసేవి. గాలివానలో కుదుపులకు వాంతులయ్యేవి. ప్రమాదాలు నేటికంటే ఎక్కువ. టిక్కెట్టు ధర కూలివాడి ఊహకు కూడా అందనిది. నేడు గల్ఫు దేశాలకు పోయే మన జిల్లా కూలీలు సైతం విమానం ఎక్కుతున్నారంటే అది కొత్త కాలం చేసిన మేలే. దానిని కాదనలేము. అయితే మేలు జరిగిందని జ్ఞాపకాన్ని పారేసుకోవాలా?

2025 ఫిబ్రవరిలో మామునూరు విమానాశ్రయానికి కేంద్రం అనుమతి ఇచ్చింది. ఉన్న భూమికి తోడు చుట్టుపక్కల గ్రామాల రైతుల భూమి కూడా అవసరమైంది. ఆ రైతులకు తగిన పరిహారం సకాలంలో అందాలన్నది మొదటి మాట. దాని తర్వాతనే మిగతావి. ఆ మిగతావాటిలో మూడింటిని అధికారుల దృష్టికి తెస్తున్నాను.

మొదటిది, కొత్త భవనంలో ఒక గది పాత మామునూరుకు, దక్కన్ ఎయిర్‌వేసుకు కేటాయించాలి. ఫోటోలు, టిక్కెట్లు, పాత తపాలా కవర్లు అక్కడ ఉంచాలి. ప్రేమ్ మాథుర్ చిత్రం బడిపిల్లల కంటికి ఆనేటట్టు పెట్టాలి.

రెండవది, టిక్కెట్టు లేనివాడు కూడా నిలబడి విమానం దిగడం, లేవడం చూడడానికి కంచె పక్కన భద్రత చూసుకుని ఒక అరుగు కట్టాలి. భూమి ఇచ్చిన రైతు తన మనుమడిని చంకన ఎత్తుకుని, "ఇది మన చెలక ఉన్న జాగ" అని చూపించుకోగలగాలి. భూమి ఇచ్చినవాడు కంచె బయట దొంగచూపులు చూడవలసి రావడం ఎవరికీ గౌరవం కాదు.

మూడవది అధికారుల పని కాదు, మన పని. ఊళ్లలో చదువుకున్న యువకులు పెద్దవారి దగ్గర కూర్చుని వారు చూసినది చూసినట్టు రాసి పెట్టాలి.

ఇదంతా అయ్యే పనేనా అని సందేహించేవారికి ఒక ఉదాహరణ. రాజీవ్ చంద్రశేఖర్ తండ్రి మన వైమానిక దళంలో డకోటా పైలట్‌గా పనిచేశారు. కొడుకు ఆ జ్ఞాపకం కోసం బ్రిటన్‌లో ఒక పాత డకోటాను కొని, బాగు చేయించి, వైమానిక దళానికి కానుకగా ఇచ్చారు. 2018లో అది అక్కడి నుంచి ఎగురుకుంటూ జామ్‌నగర్ చేరింది. దానికి పరశురామ అని పేరు పెట్టారు. 1947 అక్టోబరు 27న మన సైనికులను శ్రీనగర్‌లో దించింది డకోటాలేనని గుర్తుగా దాని మీద ఆనాటి నంబరు వేశారు. ఆయన విమానాన్నే కాపాడారు. మనం కాపాడవలసింది నాలుగు మాటలు, పది ఫోటోలు!

మా తాత చెప్పినవి ఒక నోటు పుస్తకంలో రాసుకుందామని ఒకనాడు మొదలుపెట్టాను. రెండు పుటలు నిండాయి. పంట కోతలు వచ్చాయి, తర్వాత చూద్దామనుకున్నాను. ఆ తర్వాత అన్నది రాలేదు. మూడో పుట నేటికీ తెల్లగానే ఉంది. మీ ఇంట్లో పెద్దవారు ఉంటే ఈ సాయంత్రమే అడగండి, "తాతా, గాలిమోటరు ఎట్లుండేది?" అని. వారు చెబుతుంటే రాసుకోండి.